రామకుప్పం గోనె

తడిసిన గోనెపట్టాకు ఒక వాసన ఉంటుంది. జనుము వాసన, దుమ్ము వాసన, వాటి అడుగున పచ్చి చెనక్కాయ పప్పు నానిన తియ్యటి వాసన. ఈ రోజు పొద్దున మా షెడ్డు కిటికీ గట్టు మీద చుట్టిపెట్టిన గోనె విప్పుతుంటే అది ముక్కుకు తగిలింది. బయట కుప్పం పోవాల్సిన లారీ నిలబడి ఉంది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. నాకు మాత్రం దేవసహాయం గారు వెనక నిలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఎన్ని మొలిసినాయమ్మా?" అని అడుగుతున్నట్లే అనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా గోనె విప్పిన ప్రతిసారీ ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకునే విప్పుతాను.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. అందరూ ఆయన్ని మేస్త్రీ అనేవాళ్లు. వయసులో ఉన్నప్పుడు మిషన్ ఆసుపత్రి వర్క్‌షాపులో పనిచేశాడు. మంచాల కాళ్లు, చక్రాల కుర్చీలు, స్టెరిలైజరు మూతలు, ఏది చెడిపోయినా ఆయన దగ్గరికే వచ్చేది. తర్వాత సొంతంగా షెడ్డు వేసుకుని చెనక్కాయలు ఒలిచే మిషన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. డ్రమ్మును నిలువునా సగానికి కోసి కాళ్ల మీద నిలబెట్టినట్లుంటుంది ఆ మిషను. అడుగున సన్నటి చీలికల జల్లెడ, పైన ఇనుప పళ్లున్న పిడి. కాయలు పోసి పిడిని ముందుకూ వెనక్కూ ఊపితే కాయ పగిలి, పప్పూ పొట్టూ జల్లెడలోంచి కిందికి రాలతాయి. కరెంటు అక్కర్లేదు. మా వైపు కరెంటు వచ్చే తీరు తెలిసినవాడెవడైనా అలాంటి మిషనే చేస్తాడు.

తొంభైల మొదట్లో నేను మెకానికల్ డిప్లొమా చేతబట్టుకుని తిరుగుతున్నాను. బెంగళూరులో రెండు కంపెనీలకు వెళితే, "మిషన్ల మధ్య ఆడపిల్లవు ఏం చేస్తావమ్మా, టైపింగు నేర్చుకోరాదా" అని మర్యాదగా కాఫీ ఇచ్చి పంపారు. ఆ కాఫీ మీద కోపం ఇప్పటికీ పోలేదు. చివరికి ఎవరో చెబితే ఈ షెడ్డుకు వచ్చాను. దేవసహాయం గారు నా సర్టిఫికెట్టు చూడలేదు. పిడికెడు చెనక్కాయలు నా చేతిలో పోసి, "ఒలువు" అన్నాడు. ఇదేం ఇంటర్వ్యూ అనుకుంటూ ఒలిచాను. ఆయన ఒక్కొక్క పప్పునూ వెలుతురుకు పెట్టి చూసి, ఒకటి నా ముందుకు జరిపాడు.

"దీని తోలు మీద గీత కనపడతాండాదా?"

"కనపడుతోంది సార్. గోరు తగిలినట్లుంది."

"తినేదానికైతే ఇది మంచి పప్పే. ఇత్తనానికి పనికిరాదు. భూమిలో ఏస్తే కుళ్లిపోతాది. మన మిషను తినే పప్పూ ఒలవల్ల, ఇత్తనమూ ఒలవల్ల. ఈ తోలు కాపాడేదే నీ ఉద్యోగం. రేపటినుంచి రా."

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. నాకు మొదట్లో అది చాదస్తంగా తోచింది. ఏ ఊరి నుంచి ఆర్డరు వచ్చినా ఆ ఊరి చెనక్కాయలు ఒక మూట తెమ్మనేవాడు. వాళ్ల కాయ లావూ పొడవూ చూసి జల్లెడ చీలికలు కోయించేవాడు. మిషను తయారయ్యాక ఆ కాయలే అందులో ఒలిచి, గుప్పెడు పప్పులు ఏరి, తడిగోనెలో వరసగా పేర్చి, చాపలాగా చుట్టి కిటికీ గట్టు మీద పెట్టేవాడు. గోనె మీద సుద్దముక్కతో ఊరిపేరు. నాలుగు రోజులకు విప్పి మొలకలు చూసి, తృప్తి అయితేనే మిషను గేటు దాటేది. ఆదివారం షెడ్డు తెరిచేవాడు కాదు. అయినా చర్చి నుంచి వస్తూ, తెల్లచొక్కాతో, చంకలో పాటల పుస్తకంతో వెనక తలుపు తీసుకుని వచ్చి గోనెల మీద నీళ్లు చిలకరించి పోయేవాడు. మిగతా వారమంతా అదే పనిమీద నన్ను పరుగెత్తించేవాడు. ఇంజనీరునని చెప్పుకునే నేను మా అమ్మకు మాత్రం ఉద్యోగం ఏమిటో చెప్పలేక, విత్తనాలకు నీళ్లు పోస్తున్నానని చెప్పేదాన్ని.

నాలుగైదేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఒకరోజు పుంగనూరులో మా మిషన్లు అమ్మే హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లాం. కొట్టు ముందు నీలంరంగు మిషన్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎక్కడో ఉత్తరాదిలో తయారై, బెంగళూరు మీదుగా లారీల్లో దిగినవి. అద్దంలాంటి పెయింటు, రాగిరంగు పేరుపలక, పిడికి కట్టిన గ్యారంటీ కాగితం. మావి కొట్టు వెనక గోడకు ఆనించి ఉన్నాయి, తుప్పు పట్టకుండా వేసే ఎర్ర రెడాక్సైడు పూసుకుని, బడి ఎగ్గొట్టిన పిల్లల్లాగా. కొట్టు యజమాని రంగప్ప చెడ్డవాడు కాదు. బాధపడుతూనే చెప్పాడు.

"మీ మిషను బాగుంటాది మేస్త్రీ, నేను కాదనను. కానీ వచ్చినోడు ముందు కంటితో కొంటాడు. ఆ నీలందానికి కాగితముండాది, రేటు తక్కువ, పొద్దున అడిగితే సాయంత్రానికి ఇస్తాను. మీరేమో కాయలు తెమ్మంటారు, వారం ఆగమంటారు."

తిరుగు బస్సులో నేను మాట ఆపలేదు. మనమూ పెయింటు కొట్టాలి, పేరుపలక పెట్టాలి, గ్యారంటీ కాగితం అచ్చువేయించాలి, ఊరికొక జల్లెడ మానేసి అన్నిటికీ ఒకటే కొలత పెట్టుకుంటే బెంగళూరులోనే కోయించి తెప్పించుకోవచ్చు అని ఏకరువు పెట్టాను. అన్నీ విని ఆయన, "పెయింటు కొట్టుదాం. పలక పెడదాం. కాగితం నువ్వే రాయి. జల్లెడ సంగతి నాకు నమ్మకం లేదు గానీ, నువ్వు సదువుకున్నదానివి, చేసి సూడు. గోనె మాత్రం మానద్దు" అన్నాడు. ఆ మనిషిలో నాకు నచ్చినదే అది. తన పద్ధతి మీద అంత పట్టుదల ఉన్నవాడు ఎదుటివాళ్ల మాటకు చోటివ్వడం నేను ఇంకెక్కడా చూడలేదు.

పెయింటూ పలకా పనిచేశాయి. ఆకుపచ్చ రంగు వేశాం. రంగప్ప మా మిషన్లను ముందుకు తెచ్చి నిలబెట్టాడు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు కాయలకు నా ఒకే కొలత జల్లెడ సరిపోయింది, గోనెలు బాగానే మొలిచాయి. నేను గాల్లో నడుస్తున్నాను. అప్పుడే రామకుప్పం నుంచి చంద్రప్ప అనే రైతు వచ్చి, చుట్టుపక్కల పల్లెలకు కలిపి పది మిషన్లు కావాలన్నాడు. కుప్పం వైపు మాకది మొదటి ఆర్డరు. అది నిలబడితే ఆ వైపంతా మాది, పోతే నీలంరంగుది. విత్తే కాలం దగ్గరపడింది. ఆ వారమే దేవసహాయం గారు కంటి శుక్లాల ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరాడు. చంద్రప్ప తెచ్చిన కాయల మూట షెడ్డు మూలలో ఉంది. అతను లారీతో సహా వచ్చి గేటు దగ్గర కూర్చున్నాడు. నాలుగు రోజులు ఆగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. జల్లెడ అదే కదా, మూడూళ్ల గోనెలు మొలిచాయి కదా, నాలుగోది మొలవకేం అనుకున్నాను. మూట విప్పకుండానే మిషన్లు పంపేశాను.

పది రోజులకు ఆయన నల్లద్దాలు పెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. చూపు ఇంకా తేటపడలేదు. నేరుగా కిటికీ దగ్గరికి పోయి గట్టు మీద చేత్తో తడిమాడు.

"మిషన్లు పోయినాయంట గదా. రామకుప్పం గోనె యాడుండాదమ్మా?"

పెట్టాను, మొలిచింది, తీసేశాను అనవచ్చు. ఆ మూడు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆయన చెయ్యి ఇంకా గట్టు మీదే ఉంది. "పెట్టలేదు సార్" అన్నాను. ఆయన తిట్టలేదు. మూలనున్న మూట విప్పమని, ఒక కాయ చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య దొర్లించాడు. "లావు కాయ. పప్పు కూడా లావే" అన్నాడు. నాకప్పుడు అర్థమైంది. చీలిక సన్నమైతే పప్పు వెంటనే కిందికి దిగదు. పిడి కింద నలుగుతూ ఉంటుంది. పగలదు, చూడటానికి నిండుగానే ఉంటుంది, తోలు మాత్రం గీసుకుపోతుంది.

మొదట రామకుప్పంలోని ఎరువుల అంగడికి ఫోను చేయించి, మేము చెప్పేదాకా ఆ పప్పు విత్తవద్దని చంద్రప్పకు కబురంపాడు. తర్వాత ఆ కాయలు ఒలిచి గోనె చుట్టాం. ఆ నాలుగు రోజులూ నేను ఆకాశం కేసే చూస్తూ గడిపాను. జీవితంలో మొదటిసారి వాన రాకూడదని కోరుకున్నాను. నాలుగోనాడు విప్పితే సగానికి పైగా పప్పులు మెత్తబడి బూజు పట్టి ఉన్నాయి. ఆ సాయంత్రమే కుప్పం వైపు మంచి వాన పడిందని ఫోను వచ్చింది. ఎర్రనేల. విత్తడానికి సరిపడే తడి, ఆ పదును, మూడు రోజులుంటుంది, మహా అయితే నాలుగు. ఆ లోపల మంచి విత్తనం దొరక్కపోతే ఆ పల్లెలకు ఆ ఏడు పంట లేదు.

మర్నాడు తెల్లవారగానే షెడ్డులోని ఆరుగురు పనివాళ్లతో, వాళ్లలో ఇద్దరి భార్యలతో కలిసి బస్సెక్కాం. పుంగనూరు దాటాక ఆయన పక్కన కూర్చుని, అక్కడ తప్పు నాదేనని నేనే చెబుతానన్నాను.

"షెడ్డు బోర్డు మీద నీ పేరుండాదా?" అన్నాడు.

"లేదు సార్."

"అట్లయితే తప్పు నాది. నీ పేరు బోర్డు మీదికి వచ్చినంక నీ తప్పులు నువ్వు మోసుకో. అంతవరకు ఊరికే కూసో."

తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ మాటతో ఏడవడానికి కూడా వీలులేకపోయింది.

ఊళ్లో చంద్రప్ప మా కోసమే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది రైతులు. దేవసహాయం గారు నిలబడే చెప్పాడు, తప్పు మా షెడ్డుది, మీ కాయ మొలిపించి చూడకుండా మిషను పంపినాము అని. చంద్రప్ప గొంతు పెంచలేదు.

"అడివిలోంచి ఏనుగులు వచ్చి తొక్కితే ఎవురినీ అడగలేము. నీ మిషను తొక్కితే నిన్ను అడగతాము గదా మేస్త్రీ."

"అడగల్ల. అందుకే వచ్చినాను. ఒలవని కాయ ఎవురిండ్లలో ఎంతుండాదో చెప్పండప్పా. చేత్తో ఒలుస్తాము. సాలకపోతే గుడుపల్లె నుంచి తెప్పిస్తాను."

మూడు రోజులు ఒలిచాం. అయిదారిళ్ల వరండాల్లో జట్లుగా కూర్చుని, ఊరి ఆడవాళ్లతో పాటు. గుడుపల్లె నుంచి ఒక ట్రాక్టరు కాయలు వచ్చాయి. మొదటి గంటలోనే నా బొటనవేళ్లు బొబ్బలెక్కాయి. దేవసహాయం గారు నల్లద్దాలతో గోడకు ఆనుకుని, చూపుతో పనిలేకుండా తడిమి తడిమి ఒలిచేవాడు. ఆయనకెదురుగా మునెమ్మ అనే పెద్దావిడ కూర్చునేది. మేము ఒక చేట నింపేలోపు ఆమె మూడు చేటలు నింపేది.

"ఏమప్పా, మిషను నువ్వే చేస్తివి, నువ్వే కూసోని చేత్తో ఒలస్తాండావు. ఇంక ఆ మిషను యాల?" అంది మొదటిరోజు.

"నీ చేతికి తెలిసింది నా మిషనుకు తెలీలేదమ్మా. అది నేర్చుకుని పోదామని కూసున్నాను."

అది మాటవరసకు అన్నది కాదని మర్నాటికి తెలిసింది. ఆయన ఒలుపు ఆపి, ఆమె వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, ఎక్కడ నొక్కుతోందో, ఎంత నొక్కుతోందో అడుగుతున్నాడు. మునెమ్మకు నవ్వు ఆగలేదు. "కాయ ముక్కు కాడ నొక్కల్ల. ముందురోజు సాయంత్రం రవంత నీళ్లు సిలకరించి గోనె కప్పిపెడితే పొట్టు మెత్తబడతాది, పప్పు మీదికి బలం పోదు. ఎండుకాయను ఇనుముతో బాదితే తోలు యాడ నిలబడతాది?" అంది. ఆయన నా వైపు తిరిగి, "రాసుకో" అన్నాడు. బొబ్బలెక్కిన వేళ్లతో పెన్ను సరిగా పట్టుకోలేకపోయినా రాసుకున్నాను.

మూడోనాడు మధ్యాహ్నానికి ఆఖరి మూట ఇంటినుంచి చేనికి కదిలింది. దేవసహాయం గారు తనను కూడా తీసుకుపొమ్మన్నాడు. గట్టు మీద నిలబడి, వంగి, గుప్పెడు మట్టి తీసి పిడికిలిలో నొక్కి చూశాడు. ముద్ద కట్టింది. "ఉండాది, పదునుండాది" అన్నాడు. ఆ ముద్ద నా చేతిలో కూడా పెట్టి నొక్కి చూడమన్నాడు. అప్పటిదాకా తనకూ భయంగానే ఉందని నాకు అప్పుడే తెలిసింది. పక్కనే నిలబడి కరువుతీరా ఏడ్చాను.

ఆ పది మిషన్లూ వెనక్కి తెచ్చాం. జల్లెడలు మళ్లీ ఊరి కాయకు తగ్గట్లు కోయించాం. పిడి కింద ఇనుప పళ్లు తీసేసి పాత లారీ టైర్ల రబ్బరు ముక్కలు బిగించాం. బొటనవేలు ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తటి రబ్బరు దొరికేదాకా మదనపల్లెలోని టైర్ల అంగళ్లన్నీ నన్ను తిప్పాడు. కాయలకు నీళ్లు చిలకరించే పద్ధతి గ్యారంటీ కాగితం వెనక అచ్చువేశాం. కాగితం ముందువైపు నేను బెంగళూరు కంపెనీలను చూసి రాసిన వాక్యాలన్నీ కొట్టేయించి ఒక్కటే రాయించాడు: "ఈ మిషనులో మీ ఊరి కాయ ఒలిచి, మొలిపించి చూసి పంపినాము." కింద గోనె విప్పిన తేదీ, విప్పినవాళ్ల సంతకం.

చంద్రప్ప పది మిషన్లూ మళ్లీ తీసుకున్నాడు. మరుసటి ఏడు ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చాడు. రంగప్ప ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, "ఈ మాట ఆ నీలందాని వాళ్లు రాయలేరు మేస్త్రీ" అన్నాడు. నిజమే, రాయలేరు. రాయాలంటే వాళ్లు రామకుప్పం కాయ ఎలా ఉంటుందో చూడాలి. అలాగని ఆ తర్వాత అంతా పూలబాట కాలేదు. పనివాళ్లలో ఇద్దరు బెంగళూరు వెళ్లిపోయారు. సబ్సిడీ మిషన్ల జాబితాలో మా పేరు ఎక్కడానికి ఏళ్లు పట్టింది. ఒక ఏడు వానల్లేక షెడ్డు నెలల తరబడి ఖాళీగా ఉంది. కానీ గోనె ఎండలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక సోమవారం పొద్దున షెడ్డుకు వస్తే, బోర్డు రాసేవాడు నిచ్చెన ఎక్కి ఉన్నాడు. దేవసహాయం గారి పేరు కింద "రేణుక" అని నా పేరు రాస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆయన లోపలినుంచే అన్నాడు, "ఇంకమీదట నీ తప్పులు నువ్వే మోసుకోవల్ల." పెద్ద కానుక ఇస్తున్నవాడిలాగా నవ్వుతున్నాడు. నిజంగా అది పెద్ద కానుకే. ఇన్నేళ్లలో ఆ బరువు మోసిన ప్రతిసారీ ఆయనకు దండం పెట్టుకున్నాను. ఆడపిల్లవు ఏం చేస్తావన్న లోకంలో, తప్పు చేసే హక్కు నాకిచ్చిన మనిషి ఆయనొక్కడే.

ఇప్పుడు నన్ను అప్పుడప్పుడు మీటింగులకు పిలుస్తారు. స్థానిక పరిశ్రమల ముందున్న సవాళ్లు, అవకాశాలు అని వెనక బ్యానరు కడతారు. నా ముందు మాట్లాడినవాళ్లు మార్కెట్టు అంటారు, పోటీ అంటారు, చైనా అంటారు. అవన్నీ ఉన్నాయి, నేను కాదనను. నా వంతు వచ్చినప్పుడు సంచిలోంచి గోనెచుట్ట తీసి బల్ల మీద విప్పుతాను. ముందు వరసలో వాళ్లు మట్టి రాలుతుందని కాగితాలు వెనక్కి తీసుకుంటారు. వెనక వరసలోంచి ఎవరో ఒకరు లేచి దగ్గరికి వచ్చి చూస్తారు. నా ప్రసంగం ఆ ఒక్కరికి.

ఈ రోజు పొద్దున విప్పినది కూడా రామకుప్పం గోనే. ఈసారి అక్కడ ఏదో కొత్త రకం కాయ వేస్తున్నారట. పప్పులు ఉబ్బాయి, కొన్నిటికి తెల్లటి ముక్కు కనపడుతోంది. ఎక్కువభాగం ఇంకా తేల్చుకోలేదు. చూసినకొద్దీ మొలుస్తాయనే అనిపిస్తోంది. అనిపించడం మీద మిషన్లు పంపి ఒకసారి చూశాను. బయటికి వచ్చి, లారీ ఖాళీగా తీసుకుపొమ్మని డ్రైవరుకు చెప్పాను.

"మిషన్లు రెడీగా ఉండాయి గదక్కా. యాల ఆపతాండారు?" అన్నాడు.

"బోర్డు మీద నా పేరుండాదప్పా. రెండు రోజులాగి రా."

అతను బోర్డు వైపు ఒకసారి చూసి లారీ తిప్పుకుని వెళ్లాడు. నేను లోపలికి వచ్చి గోనె మీద నీళ్లు చిలకరించి, మళ్లీ చుట్టి కిటికీ గట్టు మీద పెట్టాను.